చెరి సగం చదువు

మైనారిటీ వర్గాల పిల్లలను చేర్చుకోవడంలో రెండేళ్ల డిగ్రీలిచ్చే సాన్ ఆరేలియో కమ్యూనిటీ కాలేజీకి సాటి రాగలది కాలిఫోర్నియా మొత్తంలో మరొకటి లేదు. (చేరినవాళ్లు డిగ్రీ పుచ్చుకుని బయటపడతారా అన్నది వేరే కమిటీ చూడవలసిన సంగతి. ఆ కమిటీని ఇంకా వెయ్యలేదు.)

ఈ ఘనతకు యెసేనియా బరగాన్ ఒచోవా సజీవ సాక్ష్యం. మెక్సికన్ ఇళ్లలో తండ్రి ఇంటిపేరూ తల్లి ఇంటిపేరూ రెండూ పెట్టుకుంటారు. కాలేజీ కంప్యూటరుకు అది మింగుడు పడలేదు. యెసేనియా బరగాన్ అని ఒకమ్మాయిని, యెసేనియా ఒచోవా అని ఇంకో అమ్మాయిని చేర్చుకుని ఊరుకుంది.

పగలు తల్లితో పాటు షెడ్డులో పీచ్ పళ్లు ఏరి, సాయంత్రాలు చదివి, యెసేనియా అన్ని పరీక్షలూ గట్టెక్కింది. రసాయన శాస్త్రం, శరీర శాస్త్రం బరగాన్ ఖాతాలో పడ్డాయి. లెక్కలు, ఇంగ్లీషు ఒచోవా ఖాతాలోకి పోయాయి. డిగ్రీకి సరిపడా చదువు ఇద్దరిలో ఎవరికీ లేదు. ఆ డిగ్రీ ఈ నెలలో చేతికి రాకపోతే ఆపైన యూనివర్సిటీ నర్సింగులో వచ్చిన సీటు పోతుంది.

సమాన అవకాశాల వృద్ధి అధికారి ప్రెంటిస్ గారు ఆమె గోడు ఎంతో సానుభూతితో విన్నారు. ఇద్దరినీ కలిపేస్తే మెక్సికన్ వర్గం చేరికలు పడిపోతాయని, అది ఆ వర్గానికే అన్యాయమని, అంతటి పాపం తన చేతులతో చేయలేనని సెలవిచ్చారు. (చేరికలు పెంచినందుకు వచ్చిన జ్ఞాపిక బల్ల మీద ధగధగలాడుతోంది.)

"ఉన్నది నేనొక్కదాన్నే కదండీ. మీ ఎదురుగానే కూచున్నాను," అంది యెసేనియా.

"కాదనడం లేదమ్మా. ఆ రెండో అమ్మాయి కూడా వచ్చి సంతకం పెడితే తప్పకుండా పరిశీలిస్తాను."

ఏం చేస్తుంది, రెండు సంతకాలూ తనే పెట్టింది. రెండూ ఒకేలా ఉన్నాయని, ఒకరి సంతకం ఇంకొకరు పెట్టడం నేరమని హెచ్చరించి పంపేశారు.

తల్లి ఒఫేలియాకు ఒళ్లు మండిపోయింది.

"నా పేరే నీకు అడ్డమైతే తీసి పారెయ్యవే."

"ఎలా తియ్యనమ్మా? లెక్కలూ ఇంగ్లీషూ పాసైంది నీ పేరే," అంటూ యెసేనియా భోరున ఏడ్చింది.

సీటు పోయింది. ఏడాది చివర కాలేజీ నివేదిక వెలువడింది. ఆ వర్గంలో చేరికలు అమోఘమట, డిగ్రీలు మాత్రం శోచనీయమట. ఆ పిల్లలకు పట్టుదల లేకపోవడమే కారణమని నిపుణులు తేల్చారు. పట్టుదల పెంచే శిక్షణకు బరగాన్‌కూ ఒచోవాకూ పిలుపు వచ్చింది. ఒకే రోజు, ఒకే సమయానికి, వేర్వేరు గదుల్లో. హాజరు కానివారి పేరు కొట్టివేయబడును.