ఆవపల్లి స్టీలు గ్లాసుల సంగ్రామము

వినుడు, వినుడు! దండకారణ్య దక్షిణసీమకు అలంకారమై, ఇప్పపూల సౌరభమునకు మత్తెక్కిన ఎలుగుబంట్లకును, సిగ్నలు వెదకుచు గోడలెక్కు యువజనులకును సమానముగ ఆశ్రయమిచ్చు ఆవపల్లి గ్రామమున, చైత్రమాసమందలి ఒకానొక ఉదయమున, ప్రచండమార్తాండుడు రేకుల కప్పులను పెనములవలె కాల్చుచున్న వేళ, ఏ కవియు పాడనిదియు, పాడుమని ఎవరును అడుగనిదియు నగు మహాసమరమొకటి జరిగెను. రణరంగము వరండాలోని చెక్కబల్ల. సైన్యము ఇంట్లోని స్టీలు గ్లాసులు.

ఆ సైన్యమునకు అధినాయిక ఊర్మిల. వరిమళ్ల రైతు మనుమరాలు, రసాయనశాస్త్ర పట్టభద్రురాలు, ఎక్కడో దూరాన ఒక అణుఇంధన కర్మాగారమున శిక్షణ పొందుచున్న ధీర. ఆమె నేర్చుచున్న విద్యను క్రిటికాలిటీ భద్రత అందురు. ఇంధనపు పొడిని కొంచెము కొంచెముగా వేరువేరు డబ్బాలలో ఎడమెడముగా ఉంచినంతసేపు అది పరమసాధువు. డబ్బాలను ఒకచోట గుమికూర్చినను, వాటిలోనికి నీరు చేరినను, కంటికి కనబడని గొలుసుచర్య రగుల్కొని దగ్గరనున్నవారిని క్షణములో బలిగొనును. కావున గుమికూర్చకుము, తడపకుము అను రెండు మాటలే ఆ శాస్త్రమునకు ప్రాణము. ఆ రెండు మాటల కొరకు పాపము ఆ పిల్ల లావుపాటి పుస్తకములెన్నో నమిలి మింగవలసివచ్చెను.

నాడు ఆమెకు తుదిపరీక్ష. సెలవుపై ఇల్లు చేరెనో లేదో, పరీక్ష ముందుకు జరిగినదని కబురు వచ్చెను. ఇంట్లోని పాత్రలనే ఇంధనపు డబ్బాలుగా భావించి, బల్లపై అమర్చి, ఫోనులో పరీక్షాధికారికి చూపవలెను. నెగ్గినచో ఉద్యోగము. ఒకసారి ఇదివరకే తప్పినది గనుక, ఈసారియు తప్పినచో పేరు కొట్టివేయుదురు.

గ్లాసులను మూరెడేసి దూరమున నిలుపుచున్న మనుమరాలిని చూచి, ఆమెను పెంచి పెద్దచేసిన నానమ్మ రామక్క నడుముపై చేయివేసి నిలిచెను. చిందరవందరను కంట చూచి ఓర్వలేని మహాతల్లి ఆమె.

"ఏంది బిడ్డా, గ్లాసులన్నీ గిట్ల పరిచినవ్? ఒకదాంట్ల ఒకటి పెడితే జాగ మిగులుతది గద."

"వద్దు నానమ్మా! దగ్గరికి జరిపితే నా నౌకరీ పోతది. జరపకు, గంతే."

"జరపను తీ. నీ పని నేను ఆగం చేస్తనా?"

అంతలో ఫోను మ్రోగెను. తెర మీద పరీక్షాధికారి నవీన్‌కుమార్ ప్రత్యక్షమయ్యెను. ఆయన మొదట నోటి ప్రశ్నలడుగగా, ఊర్మిల సిగ్నలు నిలుచు వరండా మూలకు జరిగి, బల్లకు వీపుచేసి నిలిచి, ప్రశ్నాస్త్రమునకు ప్రత్యుత్తరాస్త్రము సంధించుచు, అంగుళమైనను చలింపక పోరాడెను. ఆ వీపు వెనుకనే విధి తన పని తాను చేసుకొనిపోవుచుండెను.

ఏలయన, మేలైన పనికి పూనుకొన్నవారి యెదుట ఖాళీపాత్ర ఉండరాదు, నిండుపాత్ర కనబడవలెనన్నది ఆ ఇంటి ఆచారము. ఎవరు విత్తు చల్లబోయినను, బీజాపూరు ఆస్పత్రికి బయలుదేరినను, అపశకునవిధ్వంసిని యగు రామక్క నిండుచెంబుతో ఎదురువచ్చి తీరును. అట్టి ఇంట, బంగారమువంటి మనుమరాలి పరీక్షనాడు, బల్లనిండ ఖాళీ గ్లాసులా! ముసలమ్మ ప్రాణము విలవిలలాడెను. బిందె చంకనెత్తుకొని, పిల్లికన్న మెత్తగ అడుగులు వేసి, ఒక్క గ్లాసును కదల్చక, అన్నింటిని అంచులదాక నింపి, తృప్తిగా కొంగుతో చేతులు తుడుచుకొనెను.

"సరేనమ్మా, ఇక నీ అమరిక చూపించు" అని నవీన్‌కుమార్ ఆజ్ఞాపించెను. ఊర్మిల విజయగర్వముతో ఫోను త్రిప్పెను.

"ఊర్మిలా, ఆ గ్లాసుల్లో ఏమిటమ్మా? నీళ్లా?"

ఆమె ముఖము వెలవెలబోయెను. "ఓసి జలమా! ప్రాణదాయినివని లోకము నిన్ను కీర్తించును గదా, నా జీతమునే మ్రింగవచ్చితివా! ఇదిగో, నిన్ను పెరటి మునగచెట్టు పాలు చేసెదను!" అని ఆమె హృదయము గర్జింపగా చేయి తనంతతాను ముందుకురికెను. క్రిందటిసారి ఆమెను ముంచినది ఈ చేయియే. నమూనా అమరికలో తప్పుగా ఉన్న డబ్బాను ఎవరికిని చెప్పకుండ గబగబ సర్దబోయి పరీక్ష పోగొట్టుకొనెను. తప్పు కనబడినచో ముట్టరాదు, వెనుకకు జరుగవలెను, తెలిసినవారికి చెప్పవలెనని కదా నియమము! వెన్నుచూపని వీరులను పొగడిన లోకమున, వెనుకంజ వేయుటకు ఎంత గుండెనిబ్బరము కావలెనో అప్పుడామెకు తెలిసెను. పిడికిలి బిగించి, చేతిని వెనుకకు లాగికొనెను.

కాని మనుమరాలి ముఖము చూచిన రామక్క అప్పటికే బల్లవైపు దూకుచుండెను.

"అయ్యో, పారబోస్త తీ బిడ్డా! ఎంతసేపు!"

"నానమ్మా, ముట్టకు! వెనక్కి రా!"

"నీళ్లకు గింత భయమేంది?"

"తర్వాత చెప్త. నామీద ఒట్టు, వెనక్కి రా!"

ఒట్టు అను బ్రహ్మాస్త్రము తగిలి ముసలమ్మ చేయి గాలిలోనే ఆగెను. ఊర్మిల ఆమె రెక్క పట్టి వాకిటిలో ఇప్పపూలు ఎండుచున్నంత దూరము తీసికొనిపోయెను. అచ్చట సిగ్నలు సగము చచ్చినది గనుక గొంతు చించుకొని అరచెను.

"సార్! డబ్బాలల్ల నీళ్లు చేరినయ్. మేము ముట్టలే. ఇద్దరం దూరం జరిగినం. మీరు చెప్పేదాక ఎవ్వరూ దగ్గరికి పోరు!"

"నీళ్లు ఎవరు పోశారమ్మా?"

రామక్క తల వంగిపోయెను. ఊర్మిల ఆమె చేయి వదలలేదు. "జరపొద్దనే చెప్పిన సార్. నీళ్ల సంగతి చెప్పలే. తప్పు నాదే."

తెర మీది ముఖము గడ్డకట్టెను. అది ఆగ్రహమో, సిగ్నలు పోవుటయో తెలియక ఇద్దరు స్త్రీలును ఫోనుపైకి వంగి చూచిరి. తుదకు గొంతు వినబడెను.

"అమరికకు మార్కులు కోస్తున్నా. వెనక్కి తగ్గినందుకు పాస్ చేస్తున్నా. కిందటిసారి ఇదే నీకు రాలేదు."

ఊర్మిల నానమ్మను వాటేసుకొని ఏడ్చెను. రామక్కకు పాస్ అను మాట తప్ప తక్కినదేదియు తెలియలేదు, ఐనను ఆమె కూడ ఏడ్చెను.

"బిడ్డా, గొంతెండింది. గా నీళ్లు తాగొచ్చునా, సారును అడుగు."

"తాగమనమ్మా" అని సారు నవ్వెను.

ఓ దిక్కులారా, సాక్షులై వినుడు! శరము విడువక, శత్రువును గూల్చక, బొట్టు నీరైనను ఒలుకనీయక, వీరాధివీర ఊర్మిల ఆవపల్లి వాకిట వెనుకకు నడిచి జయించెను. రామక్క ఒక గ్లాసు గటగట తాగి, రెండవది మనుమరాలికి అందించెను.