గుడ్డట్టు బండి ముందు ఘోరసంగ్రామం

అది మధ్యాహ్న మార్తాండుడు సహస్ర కిరణ కరవాలాలు దూసి, రాజవీథిలోని తారును మెత్తబరచి, బాటసారుల చెప్పులను దానికి బందీలుగా అప్పగించి, నడినెత్తులపై దండయాత్ర సాగిస్తున్న వేళ. అది హారన్ల శంఖారావాలతో దద్దరిల్లే మహానగర బస్టాండు పక్క సందు. ఆ సందు మొగలో, నల్లని పెనమే కిరీటంగా, వేగుతున్న ఉల్లిపాయల ఘుమఘుమలే విజయపతాకగా కొలువుదీరి ఉంది ఒక గుడ్డట్టు బండి. ఓ ఆకలీ, సకల సిద్ధాంతాలకూ కన్నతల్లీ, నా కలంలో కాస్త నూనె పొయ్యి. పాడతాను.

వచ్చాడు వీరుడు! యాజమాన్య మదగజ కుంభస్థల విదళన కేసరి, సమ్మె సముద్ర తిమింగలం, మైకు లేకున్నా పక్క వీథికి వినబడే మేఘగంభీర కంఠుడు, మిల్లు కార్మిక సంఘ కార్యదర్శి. ఆ వీరుడు నేనే గనుక విశేషణాలకు లోటుండదు.

వీరుడి వెనక వీరపత్ని. సంఘం మీటింగు ముగిసింది, ఊరికి పోయే బస్సు బయలుదేరడానికి కాస్తే వ్యవధి ఉంది. ఆ కాస్తలో ఆమె ఒక్కటే కోరింది.

"పెళ్లయినప్పట్నుంచి ఈ సిటీకి ఎప్పుడొచ్చినా మీటింగులో చల్లారిన పొట్లమే తిన్నా. ఈసారి పెనం మీంచి దిగింది దిగినట్టు, వేడివేడిగా, నీ పక్కన నిలబడి తినాలి. అంతే."

వీరుడు ఛాతీ పొంగించి పలికాడు. "దేవీ, వినుము! సూర్యుడు పడమట ఉదయించుగాక, యాజమాన్యాలు తమంతట తాము జీతాలు పెంచుగాక, నీ చేతిలో వేడి గుడ్డట్టు పెట్టక ఈ నగరసీమను వీడను!"

"సరేలే, ముందు నడువు. బస్సెళ్లిపోతుంది."

ఆ బండికి వరుసంటూ లేదు. జనం చుట్టూ మూగుతారు. బండి అక్క వచ్చినవాళ్ల ముఖం ఒక్కసారి చూస్తుంది, మరచిపోదు, వంతు రాగానే అట్లకాడతో చూపిస్తుంది. ఆమె వీరపత్నిని అప్పుడే చూసింది. "అక్కా, ఈ బొద్దాయన తర్వాత నీదే. ఎండలో ఎందుకు, ఇలా గొడుగు కిందికి రా."

వీరుడు వినలేదు. అతని కళ్లు గుంపు మీద ఉన్నాయి. నలుగురు ఒకచోట కనబడితే చాలు, ఆ మహానుభావుడికి గొంతులో దురద. అంతలో ఆ బొద్దు మనిషి వీరుడి భుజం మీదుగా చెయ్యి చాపి అట్టు అందుకున్నాడు. పాపం, అతని వంతే. కానీ వీరుడి నేత్రాలు నిప్పులు కురిశాయి. పక్కనున్న చెక్కపెట్టె మీదికి, పర్వతాగ్రానికి సింహంలా, ఎగిరాడు.

"సోదరులారా! క్షుత్పీడిత జనసందోహమా! బలవంతుడి మోచేయి బలహీనుడి పొట్ట కొట్టే ఈ అరాచకాన్ని ఎంతకాలం సహిస్తారు? వరుస! వరుసే న్యాయం! వరుసే విముక్తి!"

"ఎవరన్నా ఈయన?"

"ఎలక్షన్లొచ్చాయేమో."

"బాబాయ్, అట్టు ఫ్రీయా?"

"ఏమయ్యా, పెట్టె దిగు! అందులో గుడ్లున్నాయి!" అని అరిచింది బండి అక్క.

వినడం అతని అలవాటు కాదు. "విముక్తి" దగ్గర కాలు నేలకేసి కొట్టడం అలవాటు. కొట్టాడు. కిర్రు, ఫట్! పెట్టె మూత విరిగి, వీరపాదం చీలమండ దాకా దిగబడి, ఆ రణభూమిలో పచ్చని రుధిరం ఏరులై పారింది. అమాయకమైన గుడ్లు నోరు విప్పకుండానే అమరులయ్యాయి.

చిత్రమేమంటే, ఉపన్యాసం ఫలించింది. జనం నవ్వుతూనే బారుగా నిలబడ్డారు.

"లైను కావాలన్నావుగా? పో, చివర్న నిలబడు," అంది బండి అక్క అట్లకాడ ఝళిపించి.

గుడ్లకు పరిహారం చెల్లించి, పచ్చసొన చెప్పుతో చపచపమంటూ, తాను స్థాపించిన న్యాయం తోకన నిలబడ్డాడు మహావీరుడు. ఎండ కాల్చింది. వరుస నత్తలా కదిలింది. దూరాన బస్సు యముడి మహిషంలా రంకె వేసింది. ఎట్టకేలకు పెనం ఎదుటికి చేరి, చెయ్యి చాపాడు.

"అయిపోయాయి," అంది బండి అక్క. "మిగిలినవి నీ చెప్పుకు తినిపించావుగా."

పోలీసు లాఠీకి వంగని తల వంగింది. ఏ ముఖంతో గొడుగు కిందికి పోవడం? సమాసాలేవీ సాయం రాలేదు. పోయాడు.

"అయిపోయాయంట," అన్నాడు, చాలా చిన్నగా.

"తెలుసు. నువ్వు పెట్టె ఎక్కేసరికే నా వంతొచ్చింది. ఒక్కదాన్నే తినలేక ఆ పెనం అంచునే ఉంచమన్నా." ఆమె బండి వైపు తిరిగింది. "ఇవ్వమ్మా, దిగింది ఉపన్యాసం."

బండి అక్క అట్టును పెనం అంచునుంచి లేపి కాగితంలో పెట్టింది. ఒక పక్క మాడింది. ఆవిరి మాత్రం లేస్తోంది. భార్య దాన్ని తుంచి, ఊది, భర్త ముందుకు చాపింది.

వీరుడి హృదయంలో మళ్లీ ధర్మసంకటం. "కానీ వరుసలో రాకుండా, వెనక నిలబడ్డవాళ్ల..."

"వెనక ఎవరూ లేరు, నువ్వే చివర. నోరు తెరు."

తెరిచాడు. ఆమె ముక్క పెట్టింది.

దిక్కులారా, వినండి! యాజమాన్యాల బెదిరింపులకు మూతపడని నోరు, లాఠీలకు మూతపడని నోరు, సొంత సంఘం బతిమాలినా మూతపడని ఆ నోరు, మాడిన అంచు ముక్కకు మూతపడింది. అది నమిలి మింగేదాకా ఆ సందులో శాంతి విలసిల్లింది. ఆమె అతని పక్కనే నిలబడి, బస్సు హారను మోగుతున్నా తొందరపడకుండా, వేళ్లు కాలేంత వేడిగా తిన్నది.

మోగించండి జయభేరి! ఒక్క గుడ్డట్టు రెండు భాగాలైంది. పెద్ద భాగం ఆమెదే.