నిలబడ్డ తల్లికి ఒడి లేదు

లిస్బన్ చూడవచ్చే అతిథులకు ఇకమీదట ఎలాంటి అసౌకర్యమూ కలగబోదని తెలియజేయడానికి అతిథి మర్యాదల కార్యాలయం మిక్కిలి సంతోషించింది. అసౌకర్యమంటే ఏమిటో ప్రకటనలో రాయలేదు. రాయనక్కర్లేదు కూడా. అల్ఫామా కొండమీద కాపురముండే మాకందరికీ తెలుసు, అది మేమే.

మా పసుప్పచ్చ ట్రాము ఇదివరకు జనాన్ని పనుల దగ్గర దించేది, సాయంత్రం కూరగాయల సంచులతో సహా ఎక్కించేది. అలాంటి నీచపు పనుల నుంచి దానికి విముక్తి కలిగింది. ఇప్పుడు కిటికీకి ముగ్గురేసి అతిథులు వేలాడుతూ, మేం ఆరేసుకున్న లోబట్టలకి ఫోటోలు తీసుకుంటారు. ఆ లోబట్టల తాలూకు మనుషులు నడిచి వెళ్తారు. ఒంటికి మంచిదే.

మా సందులోని జసింతాకి ఆవేళ నడిచే వీలు లేదు. చంకలో ఎనిమిది నెలల కూతురు ఇరియా ఉంది. వెనకనుంచి పిలిస్తే ఈ పిల్ల తిరగదు. పక్కనే గిన్నె పడేసినా ఉలిక్కిపడదు. అవతలి కొండమీది ఆరోగ్య కేంద్రంలో చెవుల డాక్టరు వంతు ఐదు నెలలు కాచుకుంటే దొరికింది, ఆవేళ పది గంటలకి. తప్పితే పేరు జాబితా అడుక్కి పోతుంది. అందుకే ఎనిమిదింటికే వచ్చి స్టాపులో నిలబడింది. నాలుగు ట్రాములు నిండుగా వచ్చి నిండుగా పోయాయి. ఒక్కోటి పోయినప్పుడల్లా, నడిచుంటే ఈపాటికి చేరేదాన్ని కదా అనుకునేది. అనుకుంటుండగానే ఇంకోటి మలుపు తిరిగేది.

ఆమె ధైర్యమంతా ట్రాములోని ఒక బోర్డు. 'కోలు పిల్లల తల్లులకు ముందు సీటు.' మా భాషలో ఒడికీ చంకకీ కలిపి ఒకటే మాట, కోలు. ఎత్తుకున్న పిల్ల ఎక్కడున్నా కోలు పిల్లే. అయితే ఆ మధ్య కార్యాలయం వారు అతిథులకు తెలియాలని బోర్డుని ఇంగ్లీషులోకి మార్చారు. అక్కడది ఒట్టి ఒడి అయింది. రెండు భాషల్లో రెండు రకాలుగా ఉంటే అతిథులు తికమకపడతారని, ఇంగ్లీషునే ప్రమాణంగా పెట్టుకుని మళ్ళీ మా భాషలోకి దించారు. ఇప్పుడు బోర్డు మీద ఇలా ఉంది: 'కూర్చున్నప్పుడు తొడలపై ఏర్పడు స్థలమందున్న శిశువులకు.'

ఐదో ట్రాము వచ్చింది. ముందు సీటు ఒక్కటే ఖాళీ. అతిథులు దానికీ ఫోటోలు తీస్తున్నారు.

"కోలు పిల్ల, సెన్యోర్ అబీలియో! ఆ సీటు నాది!"

తనిఖీ చేసే అబీలియో మా పక్క సందువాడే. ఇరియా నామకరణం విందులో ఎండుచేపల కూర రెండుసార్లు వడ్డించుకున్నవాడే. అయినా టోపీ సర్దుకున్నాడు.

"ఒడి పిల్లకమ్మా సీటు. నీ పిల్ల చంకలో ఉంది."

"కూర్చుంటే కదయ్యా ఒడి వచ్చేది!"

"కూర్చో మరి."

"ఎక్కనిస్తే కదా కూర్చునేది!"

"ఎక్కాలంటే ఒడి ఉండాలి. రూలు నేను రాశానా? నాకూ పెళ్ళాం పిల్లలున్నారమ్మా."

"పాపం వాళ్ళు! వాళ్ళనీ ఇలాగే నిలబెట్టి కొలుస్తావా?"

స్టాపు ఎదుటి గుమ్మంలో బంగాళాదుంపలు చెక్కుతున్న ముసలి దోన ఇడలీనా కత్తి ఎత్తి అరిచింది. "వాడితో మాటలేంటే? ట్రాము ముందు చతికిలబడు! ఒడి ఎందుకు రాదో చూద్దాం!"

జసింతా పట్టాల మీద కూర్చుంది. పిల్లని ఒళ్ళో పెట్టుకుంది. డ్రైవరు గంట వాయించాడు. అతిథులు చెవులు మూసుకున్నారు. ఇరియా బొటనవేలు చీకుతూ మబ్బుల్ని చూస్తోంది. డాక్టరు చెప్పబోయేది ఏమిటో జసింతాకి అప్పుడే సగం తెలిసిపోయింది.

ఇది ఈ నగరపు పురాతన ఆచారమనీ, తల్లులు ట్రాముకి బిడ్డని చూపించి దీవెన పొందుతారనీ అతిథులకు గైడు వివరించాడు. చప్పట్లు మోగాయి. అబీలియో కిందికి వంగి చూసి, "ఇప్పుడు ఒడి ఉంది. రామ్మా, ఎక్కు," అన్నాడు.

జసింతా లేచి నిలబడింది. ఒడి పోయింది.

"చూశావా మరి!" అన్నాడు అబీలియో, నిజంగానే బాధపడుతూ.

ఆమె కొండ మెట్లన్నీ పరుగెత్తి పదీ ఇరవైకి ఆరోగ్య కేంద్రం చేరింది. కౌంటరులో అమ్మాయి ముఖం విప్పారింది. "పట్టాల మీద కూర్చుంది మీరేనా? ఇప్పుడే ఫోన్లో చూశాను, ఎంత బాగున్నారో! పేరు మాత్రం అడుక్కి వెళ్ళిపోయిందండీ."

వారం తిరక్కుండా కార్యాలయాధిపతి, అందరిచేతా దౌతోర్ అనిపించుకునే టర్కాటో, స్వయంగా ఆమె ఇంటికొచ్చి, ఇరుకు వంటగదిలో నిలబడి ఉపన్యసించారు. "మాతృత్వమే మా నగరపు మకుటం! ఇకపై ప్రతి ఉదయం పది గంటలకు ఆ మహత్తర ఆచారాన్ని పునరుద్ధరిస్తాం! మీరే ప్రథమ మాత!" కార్యాలయ ఉద్యోగుల పిల్లల్ని ఏ డాక్టరైనా ఆ వారమే చూస్తాడన్నారు. జసింతా ఉద్యోగపు కాగితం మీద సంతకం పెట్టింది.

డాక్టరు నిజంగానే ఆ వారమే వంతు ఇచ్చాడు, పది గంటలకి. ఆయన పొద్దుట తప్ప చూడడు. సెలవడిగితే దౌతోర్ నొచ్చుకున్నారు. గంట చెవిలో మోగినా బెదరని బిడ్డ అని కరపత్రంలో ఇప్పటికే వేయించారట. వైద్యం చేయించి దాన్ని పాడుచేస్తారా అన్నారు. చివరికి పెద్దమనసు చేసుకుని, ఆ ఆచారం చూసే టికెట్లు ఒక్కటీ అమ్ముడుపోని రోజు చూసుకుని వెళ్ళి రమ్మన్నారు.

జసింతా రోజూ ఆ టికెట్ల పట్టిక చూసుకుంటోంది. మార్చి పద్నాలుగు నిన్నటిదాకా ఖాళీగానే ఉంది.

ఇంతకీ మీరు టికెట్టు ఏ తేదీకి తీసుకున్నారు?