అప్పలకొండమ్మ అభ్యంతరం

ఆ సోమవారం పొద్దున తనుండే లంబాలైన్ పేటలో బస్సెక్కుతూ గణేశ్వరరావు వేసుకున్న పథకం చిన్నదే. పదకొండుకల్లా ఫైలు పైకి పంపేయాలి. పన్నెండుకల్లా విశాఖపట్నం ఓడ టికెట్ల వరసలో నిలబడాలి. పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక సర్కారీ ఆఫీసులో పద్దెనిమిదేళ్లుగా గుమాస్తాగా ఉన్న మనిషి. ఇంతకంటే పెద్ద పథకాలు వేసి ఎరగడు.

ఆ ఫైలు పేరు భవనాల ఇంధన పొదుపు నియమావళి. ఇళ్లు ఎలా కడితే కరెంటు తక్కువ ఖర్చవుతుందో చెప్పే నిబంధనలు. ఢిల్లీ వాళ్లు ఒక నమూనా పంపుతారు. దాన్ని ఎక్కడి వాళ్లు అక్కడి ఎండకీ వానకీ సరిపడేలా దిద్దుకుని, జనం ముందు పెట్టి, అభ్యంతరాలు విని, అప్పుడు గెజిట్‌లో అచ్చు వేయాలి. కొన్నేళ్లకోసారి మళ్లీ దిద్దాలి. ఓడలో వచ్చే డీజిల్‌తో కరెంటు పుట్టించుకునే దీవులకి ఇది నవ్వులాట కాదని గణేశ్వరరావుకి తెలుసు. అందుకే ముసాయిదాని శుభ్రంగా టైపు చేయించి నోటీసు బోర్డుకి అంటించాడు. నెల రోజుల్లో దాన్ని చదివినవాడు లేడు.

ఇంజనీరు గురునాథం ఫైలు తిరగేస్తూ అభ్యంతరాల గడి దగ్గర ఆగాడు.

"ఇక్కడ సున్నా ఏంటి గణేశ్వరరావ్? పోయినసారి సున్నా పెడితే ఫైలు వాపస్ వచ్చింది. జనాన్ని అడగలేదన్నారు."

"అడిగాం సార్. జనమే పలకలేదు."

"సాయంత్రం ఐదింటిదాకా గడువుంది. కనీసం ఒక్కటైనా తెండి."

అడిగిందే తడవుగా అభ్యంతరం చెప్పగల మనిషి దీవులన్నిటిలో గణేశ్వరరావుకి ఒక్కరే తెలుసు. తనని పెంచిన మేనత్త అప్పలకొండమ్మ. టికెట్ల సంగతి వదిలేసి ఆవిడ ఉండే గరాచర్మకి బస్సెక్కాడు. దారిలోనే ఒక అభ్యంతరం రాసి ఉంచాడు. కిటికీల మీది సన్‌షేడ్లు ఇంకో అరడుగు పొడుగుండాలని. ఆవిడ సంతకం పెడితే చాలు.

ఆవిడ పెట్టలేదు.

"నాకు తెలీంది నానెందుకు సెప్తాన్రా? తెల్సింది సెప్తాను, రాయి."

ఆవిడకి తెలిసింది గాలి. పక్కింటి భూషణం మాస్టారు మేడ వేసి నిలువెత్తు ప్రహరీ లేపాక, నలభై ఏళ్లుగా తన గదిలోకి వచ్చిన సముద్రపు గాలి ఆగిపోయింది. ఫ్యాను రోజంతా తిరుగుతున్నా ఉక్కే. ఈ వేసవంతా సరిగ్గా నిద్ర పట్టలేదు. తను ఈ గడప తొక్కి మూడు నెలలైందని గణేశ్వరరావుకి అప్పుడు గుర్తొచ్చింది. తలొంచుకుని రాశాడు.

ఆఫీసుకొచ్చాక దాన్ని సర్కారీ ఇంగ్లీషులోకి మారుస్తూ, 'గరాచర్మలో నలభై సంవత్సరాలుగా గాలి గమనాన్ని పరిశీలిస్తున్న శ్రీమతి అప్పలకొండమ్మ' అని మొదలుపెట్టాడు. ఎవరు చదువుతార్లే అన్న ధీమా.

మర్నాడే చదివారు. ముసాయిదాకి సలహా ఇవ్వడానికి వచ్చిన ఢిల్లీ నిపుణుడు ఆ కాగితం పట్టుకుని కుర్చీలోంచి లేచాడు. ఈ రంగంలో తన అనుభవం పన్నెండేళ్లేననీ, ఆ మేడమ్‌ని కమిటీ ముందుకి పిలవాలనీ అన్నాడు. ఆవిడ తన మేనత్తేనని చెప్పడానికి గణేశ్వరరావు నోరు తెరిచాడు. కానీ నోట్లోంచి వచ్చింది ఆవిడకి మోకాళ్ల నొప్పులని. అయితే మనమే వెళదామన్నాడు నిపుణుడు. గురునాథం జీపు కోసం సంతకం పెట్టేశాడు.

కరెంటు పొదుపు వాళ్లు రేపొస్తున్నారని గణేశ్వరరావు అత్తకి ఫోన్ చేశాడు. ఆవిడ ఎదురింట్లో చెప్పింది. ఎదురింటి నుంచి కిరాణా కొట్టుకి వెళ్లేసరికి పొదుపు రాలిపోయి కరెంటు వాళ్లు మాత్రమే మిగిలారు. కొట్టు దగ్గర అది ఏసీల లెక్కగా మారింది. బస్టాండు చేరేసరికి ఏసీ ఉన్న ఇంటికి కనెక్షన్ కట్ అని తేలిపోయింది. బుధవారం పొద్దున్నే వీధి వీధంతా గోడల్లో బిగించిన పెట్టె ఏసీలు ఊడదీసి, దుప్పట్లు చుట్టి మంచాల కింద దాచారు. భూషణం మాస్టారికైతే ప్రహరీ కూల్చేస్తారని కబురందింది. మొత్తం పోయేకంటే సగం పోవడం మేలని తాపీమేస్త్రీని పిలిచి ఆయనే సగం గోడ విప్పించేశాడు.

జీపు వచ్చింది. ఉద్యోగం ఇవాళ్టితో సరి అనుకుంటూ గణేశ్వరరావు అందరికంటే వెనక నిలబడ్డాడు. అప్పలకొండమ్మ నిపుణుడికి కుర్చీ వేసి, తనకొచ్చిన హిందీలో తడుముకోకుండా మొదలుపెట్టింది. వానాకాలం గాలి నైరుతి నుంచి, చలికాలం ఈశాన్యం నుంచి. ఏ నెలలో ఏ కిటికీ మూయాలి, ఇంటికీ ఇంటికీ మధ్య ఎంత ఖాళీ ఉంటే గాలి తిరుగుతుంది, అన్నీ చెప్పింది. నిపుణుడు నాలుగు పేజీలు రాసుకున్నాడు. తను ధీమాగా రాసిన అబద్ధంలో అబద్ధం లేదని గణేశ్వరరావుకి అప్పుడు తెలిసింది.

గండం గడిచిందనుకుంటుండగా నిపుణుడు వీధి చూస్తానన్నాడు. ప్రతి ఇంటి గోడకీ తలెత్తున ఒక కన్నం. కన్నంలోంచి గాలి రయ్యిమని దూరుతోంది. ఆయన ఆగిపోయి ఇవేమిటని హిందీలో అడిగాడు. దగ్గరున్నవాడు భూషణం మాస్టారే.

"హవా కే లియే సాబ్" అన్నాడు ఆయన, గాలి కోసమేనని తడబడకుండా. "మా తాతల కాలం నుంచీ ఉన్నాయి."

నిపుణుడు టేపు తీసి కొలిచాడు. ఇరవై ఆరు అంగుళాల వెడల్పు, పదిహేడు ఎత్తు. పక్కింట్లో అంతే. దాని పక్కింట్లోనూ అంతే. చదువుకోని పెద్దలు ఇంత కచ్చితంగా ఎలా కట్టారా అని ఆయన కళ్లు చెమర్చాయి. గురునాథం గణేశ్వరరావు వంక చూశాడు. ఇద్దరూ నేల చూపులు చూశారు.

మూడు నెలలకి కొత్త నియమావళి గెజిట్‌లో వచ్చింది. పక్కింటి గాలికి అడ్డంగా గోడ లేపకూడదన్న నిబంధన అందులో పదకొండోది. భూషణం మాస్టారు ప్రహరీ మళ్లీ కట్టలేదు. ఆదివారం గణేశ్వరరావు వెళ్లేసరికి అప్పలకొండమ్మ ఫ్యాను ఆపేసి పట్టపగలే హాయిగా నిద్రపోతోంది. అతను లేపకుండా గుమ్మంలో కూర్చుని పన్నెండో నిబంధన చదివాడు. ఇకపై కట్టే ప్రతి గదికీ గాలి కోసం తలెత్తున ఇరవై ఆరు అంగుళాల వెడల్పు, పదిహేడు అంగుళాల ఎత్తు కన్నం తప్పనిసరి.

అలా కరెంటు పొదుపు నియమావళి పుణ్యమా అని, దీవుల్లో ఏసీ పెట్టుకోవడానికి గోడ పగలగొట్టే ఖర్చు తప్పింది.