అన్నీ కట్టెయ్యమన్నాడు

ఆదివారం ఉదయం పళ్ళు తోముకుంటూనే అతను పథకం వేసేశాడు. అత్తయ్య ఇంటికి వెళ్ళడం, కరెంటు మీటరు చూడడం, తప్పెక్కడుందో పట్టుకోవడం, భోజనం వేళకి ఇల్లు చేరి ఓ కునుకు తియ్యడం. ఇందులో ఆఖరి అంశం మీద అతనికి మొదటినుంచీ గట్టి నమ్మకం. ఏ పనికైనా అతని దగ్గర ముందో పథకం, వెనకో పథకం ఉంటాయి. మధ్యలో పని జరిగితే జరిగినట్టు. అందుకే ఇంటిల్లిపాదీ అతన్ని పథకం అనే పిలుస్తారు. అసలు పేరు రేషన్ కార్డులో భద్రంగా ఉంది.

అత్తయ్య అంటే అతని మేనత్త. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు, ఎవరి చేతా మాట పడలేదు. ఆవిడ వార్డులోకి అడుగుపెడితే డాక్టర్లు కూడా చొక్కా గుండీలు సరి చూసుకునేవారట. ఇప్పుడు మూడంతస్తుల ఇంట్లో మధ్య వాటా అద్దెకు తీసుకుని ఒక్కతే ఉంటోంది. కింద వాటాలో ఒక దర్జీ ఆవిడ ఆడవాళ్ళ బట్టలు కుడుతుంది. ఎండలు మొదలవుతూనే పై వాటాలోకి పథకం అక్కగారు దిగింది. పెద్దావిడ ఒంటరిగా ఉంటోంది, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి కదా అని ఊరంతా చెప్పి మరీ దిగింది. కనిపెట్టుకుని ఉండడమంటే రోజుకోసారి కిందికొచ్చి తప్పులు కనిపెట్టడమని అత్తయ్యకి తరవాత తెలిసింది.

అలా కనిపెట్టిన తప్పుల్లో పెద్దది కరెంటు బిల్లు. ఒక మనిషి, ఒక ఫ్యాను, ఒక ఫ్రిజ్జు. బిల్లు మాత్రం నాలుగు నెలలుగా సినిమా హాలుకి వచ్చినట్టు వస్తోంది. అత్తయ్య మొదట బిల్లును అనుమానించింది. తరవాత ఫ్రిజ్జును అనుమానించింది. చివరికి తనను తానే అనుమానించుకోవడం మొదలుపెట్టింది. వీధి చివరిదాకా వెళ్ళి, ఫ్యాను తిరుగుతోందేమోనని మళ్ళీ వెనక్కి వచ్చేది. ఇస్త్రీపెట్టె అటకెక్కించింది. చీకటి పడ్డాక లైటు వెయ్యకుండా వరండాలో కూర్చునేది. జీవితమంతా ఒక్క మాత్ర తారుమారు చెయ్యని మనిషి, తన చేతుల్ని తనే నమ్మలేకపోవడం చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది.

అక్కగారికి మాత్రం తరుక్కుపోలేదు. ఆవిడ అత్తయ్య చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

"మా ఇంట్లో ఏసీ ఉంది అత్తయ్యా. అయినా నా బిల్లు చూడు, పైసా పెరగలేదు. అంతా వాడకంలో ఉంటుంది. నువ్వు మర్చిపోతున్నావు, అంతే."

ఈ నెల కూడా ఇలాగే వస్తే వాటా ఖాళీ చేసి, పైన తన ఇంట్లో వెనకగదికి వచ్చెయ్యాలని అక్కగారు తీర్మానం చేసింది. ఆ గదిలో వ్యాయామం చేసుకునే సైకిలొకటి, దాని మీద ఎప్పుడూ ఆరేసి ఉండే తువ్వాళ్ళు ఉంటాయి. ఆదివారం తమ్ముడు వస్తాడు, అన్నీ వాడే చూసుకుంటాడు అని ముందురోజు సాయంత్రం చెప్పి వెళ్ళింది. వాడు చూడబోయేది మీటరని చెప్పడం మాత్రం మర్చిపోయింది.

పథకానికి అత్తయ్యంటే ప్రాణం. చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి మూసిన కన్ను తెరవకుండా పడి ఉంటే, ఆసుపత్రికి సెలవు పెట్టి మంచం పక్కనే కూర్చున్న మనిషి ఆవిడ. ఆవిడకి మతి తప్పుతోందంటే అతనికి నమ్మబుద్ధి కాలేదు. ఎలాగైనా ఆవిడ ఇల్లు ఆవిడకి ఉండేలా చూడాలని కంకణం కట్టుకున్నాడు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. ఈ కుటుంబంలో ఎవరూ లైటు ఆర్పరు, ఫ్యాను ఆపరు. లైటు కట్టేస్తారు, ఫ్యాను కట్టేస్తారు, కుళాయి కట్టేస్తారు. తాతల నాటినుంచీ అదే మాట. వాళ్ళు బిల్లూ కట్టేస్తారు, మూటా కట్టేస్తారనుకోండి. ఇన్నేళ్ళలో ఆ ఒక్క మాటతో ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. ఆ ఆదివారం వచ్చింది.

మీటర్లన్నీ కింద, మెట్ల మలుపు దిగువన, చీపుళ్ళకీ పాత బకెట్లకీ మధ్య ఉన్నాయి. పథకం వంగి, అక్కడే ఒక బకెట్ బోర్లించుకుని కూర్చున్నాడు. అత్తయ్య మీటరులో ఎర్రదీపం మిణుకు మిణుకుమని కొట్టుకుంటోంది. అతని లెక్క తేలికైనదే. ఇంట్లో అన్నీ ఆపాక దీపం ఆగిపోతే అక్కగారి మాటే నిజం. ఆగకపోతే, కరెంటు ఇంకెవరో వాడుతున్నట్టు. పైకి కబురు చెయ్యాలంటే ఆ మూల ఫోనుకి సిగ్నల్ లేదు. తనే వెళ్ళి చెప్పొద్దామంటే, ఈలోపు దీపం ఏం చేస్తుందోనని బెంగ. సరిగ్గా అప్పుడే దర్జీ ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. పైకి వెళ్ళి మా అత్తయ్యకి ఓ మాట చెప్తారా అని అడిగాడు.

"మీటరు చూస్తున్నానని చెప్పండి. లైట్లు, ఫ్యాను, ఫ్రిజ్జు, అన్నీ కట్టెయ్యమన్నాననండి."

మాట చక్కగానే ఉంది. చిక్కల్లా దర్జీ ఆవిడ నోట్లో ఉంది. ఎవరిదో గౌను అంచుకి పెట్టాల్సిన గుండుసూదులు వరసగా పెదాల మధ్య పట్టుకుని ఉంది. వాటిని తీస్తే మళ్ళీ ఎక్కడ పడతాయోనని ఆవిడ భయం. మెట్లెక్కి, మధ్య వాటా తలుపు తట్టి, సూదుల సందుల్లోంచి ఎంత మాట పడితే అంతే చెప్పింది.

"మీ మేనల్లుడు. అన్నీ కట్టెయ్యమంటున్నాడు."

అత్తయ్య చేతిలో కాఫీ కప్పుంది. మేనకోడలు అన్నంత పనీ చేసిందన్నమాట. పంపింది కూడా ఎవర్ని, తను పక్కన కూర్చుని కంటికి రెప్పలా కాచుకున్న పిల్లాణ్ణి. కప్పు కడిగి బోర్లించింది. సరే అని చెప్పమ్మా, అంది.

ఏడవడం, బతిమాలడం ఆవిడ ఒంట్లో లేవు. ఒకప్పుడు వర్షానికి వార్డు కప్పు కారితే, పెద్ద డాక్టరు గొడుగు వెతుక్కునేలోపు రోగులందర్నీ పక్క వార్డుకి చేర్చిన చేతులవి. దుప్పట్లు నేల మీద పరిచింది. బట్టలొక మూట, గిన్నెలొక మూట, పుస్తకాలొక మూట. ఒక్కో ముడీ పచ్చి పుండుకి కట్టు కట్టినంత శుభ్రంగా పడింది.

కింద దీపం కాస్త నెమ్మదించిందే గాని ఆగలేదు. ఇంకేదో మిగిలిపోయిందనుకున్నాడు పథకం. గోడకి దోమల మందు మిషను ఉంటుంది కదా, గోడకున్నవి కూడా చూడమని దర్జీ ఆవిణ్ణి మళ్ళీ పంపాడు. ఆవిడ వెళ్ళి, "గోడకున్నవి కూడానట" అంది. గడియారం దిగింది. అద్దం దిగింది. రిటైరైన రోజు నర్సులందరితో తీయించుకున్న ఫోటో దిగింది. దాన్ని మాత్రం అత్తయ్య మూటలో పెట్టలేదు, చేతిసంచిలో పెట్టుకుంది.

దీపం ఇంకా కొట్టుకుంటూనే ఉంది. మూడోసారి పైకి చేరిన మాట, "ఫ్రిజ్జు కూడానట." ఫ్రిజ్జు కూడానా అని అత్తయ్య ఒక్కసారి అడిగి, పాలగిన్నె దర్జీ ఆవిడ చేతిలో పెట్టి, ప్లగ్గు పీకి, ఫ్రిజ్జు చుట్టూ బట్టలారేసే తాడు బిగించింది. నాలుగోసారి ఏ ఒక్కటీ వదలొద్దని కబురొచ్చింది. ఆవిడ కుర్చీ ఎక్కి బల్బులు కూడా విప్పి పాత పేపర్లలో చుట్టింది.

దర్జీ ఆవిడ మనసు వెన్న. మీటరు చూడడం కూడా ఖాళీ చేసేముందు లెక్క తేల్చుకోవడానికేననుకుంది. ఇన్నేళ్ళ తోడు ఇలా ఉన్నపళాన వెళ్ళిపోతుంటే తట్టుకోలేకపోయింది. వాటాలు అద్దెకిచ్చిన ఇంటాయనకి ఫోను చేసి, ఇందుకు మాత్రం సూదులు తీసి, పెద్దావిణ్ణి ఖాళీ చేయించేస్తున్నారని కళ్ళొత్తుకుంటూ చెప్పింది. ఇంటాయన వచ్చి ఆపుతాడని ఆవిడ ఆశ. ఇంటాయన చాలా బాధపడ్డాడు. బాధపడుతూనే, వాటా ఒక్కరోజు ఊరికే ఉండడం ఎందుకని రంగులాయన్ని పంపించాడు.

నిచ్చెన భుజాన వేసుకుని వచ్చిన రంగులాయన మెట్ల దగ్గర ఆగి, మధ్య వాటాకి దారి ఇదేనా బాబూ అని అడిగాడు. పథకం దీపం మీంచి చూపు తిప్పకుండా ఇదే అన్నాడు. అత్తయ్య రంగులాయన్ని చూసింది. వంటగది గోడకి జిడ్డుంది, ముందది గీకి వేసుకో నాయనా, అని దారిచ్చింది. ఇల్లు పోతోంది సరే, గోడ బాగుండాలి కదా. అలాంటి మనిషి ఆవిడ.

చివరికి పథకమే విసుగెత్తి పైకి వచ్చాడు. వచ్చి గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. మూటలన్నీ గోడ వారన వరసగా ఉన్నాయి. ఫ్రిజ్జు తాడుతో బందీగా నిలబడి ఉంది. వంటగదిలో నిచ్చెన మీదెవరో రంగు కొడుతున్నారు. అన్నిటికంటే పెద్ద మూట మీద, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, నిటారుగా కూర్చుని ఉంది అత్తయ్య.

"కట్టేశానురా. ఇంకేమైనా ఉందా?"

"ఎక్కడికత్తయ్యా?"

"నన్నడుగుతావేంట్రా? మీ అక్క వెనకగదికేగా. అన్నీ కట్టెయ్యమని కబురు పెట్టింది నువ్వేగా. పైకొచ్చి నాతో ఒక్క మాట చెప్తే నీ నోరేం అరిగిపోయేది?"

పథకం అక్కడే నేల మీద కూలబడి, ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"అయ్యో, మూటలు కాదత్తయ్యా. స్విచ్చులు. మీటరు చూద్దామని స్విచ్చులు కట్టెయ్యమన్నాను. నిన్ను ఇల్లు ఖాళీ చెయ్యమనే నోరు నాకుందా?"

అత్తయ్య అతనికేసి చూసింది. తరవాత దర్జీ ఆవిడకేసి చూసింది. దర్జీ ఆవిడ పెదాల మధ్య సూదులు ఒక్కొక్కటే తీసి జాకెట్టుకి గుచ్చుకుంది. నిచ్చెన మీద కుంచె ఆగిపోయింది.

"ఇంతకీ ఆ మీటరు ఆగిందా?" అంది అత్తయ్య.

"లేదు. ఇంకా కొట్టుకుంటూనే ఉంది."

ఆవిడ ఇల్లంతా ఒకసారి కలయజూసింది. బల్బు లేని హోల్డర్లు, పీకిన ప్లగ్గులు, తాడు బిగించిన ఫ్రిజ్జు.

"ఈ ఇంట్లో ఇప్పుడు బల్బు కూడా లేదురా. అంటే, అది నేను కాదు." కణత మీద వేలు పెట్టి తట్టింది. "నేనేదీ మర్చిపోవడం లేదు. నా బుర్ర బాగానే ఉంది."

ఇల్లంతా మూటలు కట్టినప్పుడు రాని కన్నీళ్ళు ఆవిడకి అప్పుడొచ్చాయి. పథకం కూడా ఏడ్చాడు. ఇది అతని పథకంలో లేదు.

కళ్ళు తుడుచుకుని అత్తయ్య లేచింది. చేతిసంచి చంకన పెట్టుకుని, వార్డు తనిఖీకి వెళ్ళినట్టు మెట్లు దిగింది. వెనకాలే పథకం, దర్జీ ఆవిడ, కుంచెతో సహా రంగులాయన. తన మీటరు పక్కనున్న మెయిన్ స్విచ్చు పట్టుకుని ఒక్క లాగు లాగింది. దీపం ఆరిపోయింది. అదే క్షణంలో మూడో అంతస్తు మీద గురగురమంటున్న చప్పుడు ఒకటి ఆగిపోయింది. అలాంటి చప్పుడొకటి ఉందని, అది ఆగాకే అందరికీ తెలిసింది.

పొద్దుటినుంచీ ఏసీ గదిలో తలుపులు బిగించుకుని నిద్రపోతున్న అక్కగారు, జుట్టు విరబోసుకుని పిట్టగోడ దగ్గరికి వచ్చి వంగి చూసింది. ఇంట్లో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, ఏసీ ఒక్కటే పోయిందట.

"ఎవరది? ఎవరు కట్టేశారు?"

అత్తయ్య తల పైకెత్తింది. రోగికి జ్వరం ఎంతుందో చెప్పినంత మామూలుగా చెప్పింది.

"నేనేనమ్మా. నాలుగు నెలలుగా నేనే కడుతున్నాను."

అక్కగారికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక పిట్టగోడ వదిలి లోపలికి తప్పుకుంది. ఏసీ బిగించినవాడు చేతికందిన తీగకి కలిపి వెళ్ళిపోయాడు. ఆ తీగ మధ్య వాటాది. నాలుగు నెలలపాటు అక్కగారు పైన చల్లగా పడుకుని, సాయంత్రాలు కిందికి దిగి, కరెంటు పొదుపు గురించి అత్తయ్యకి పాఠాలు చెప్పింది. "అంతా వాడకంలో ఉంటుంది" అని దర్జీ ఆవిడ గొణిగి, పకపకా నవ్వేసింది. నోట్లో సూదులు లేకపోవడం ఆవిడ అదృష్టం.

అత్తయ్య మాత్రం నవ్వలేదు, దెప్పలేదు. అక్కగారు దిగొచ్చి తల వంచుకుని నిలబడితే, జుట్టు ముడేసుకో తల్లీ, చెమట పడుతోంది అని మాత్రం అంది. ఆ తరవాత మూటలు విప్పడానికి అందరూ నడుం కట్టారు. ఆవిడ వేసిన ముడులు ఆవిడకి తప్ప ఎవరికీ రాలేదు. కాబట్టి ఆవిడ విప్పుతుంటే మిగిలినవాళ్ళు అందుకుని సర్దారు. పథకం భోజనం, కునుకు రెండూ పోయాయి. ఇంటాయన సంగతి తెలిసి లబోదిబోమన్నాడు గాని, అప్పటికే వంటగది మెరిసిపోతోంది. సగం వేసి వదిలేస్తే బాగుండదని అత్తయ్య ముందుగదికి కూడా రంగు వేయించింది.

సాయంత్రం వెళ్ళిపోబోతున్న అక్కగారిని అత్తయ్య ఆపి, ఎంతో ప్రేమగా ఒక మాట చెప్పింది.

"పైన ఒక్కదానివీ ఉంటున్నావు. ఏ తీగ ఎక్కడికి పోతోందో కూడా చూసుకోలేకపోతున్నావు. కష్టంగా ఉంటే నా దగ్గరికి వచ్చెయ్. ఆ సైకిలు మాత్రం వద్దు."

అక్కగారు వెళ్ళలేదు గాని, ఇప్పుడు ఆ మెట్ల మీద ఎవరైనా కట్టెయ్ అన్నారంటే ముందు పర్సు తీస్తుంది, తరవాతే స్విచ్చు వెతుకుతుంది.