మంత్రిగారి సురక్షిత పరిమితి

"ప్రజల ఒంట్లో ఎంత విషముందో ప్రజలకే తెలియకపోవడం ప్రజాస్వామ్యానికి సిగ్గుచేటు" అని ఆరోగ్య మంత్రిగారు మా ల్యాబొరేటరీ మెట్ల మీద నిలబడి ప్రకటించారు. నలుగురు యువ శాస్త్రవేత్తలకు ఫెలోషిప్‌లు ఇచ్చారు. గాలి, నీరు, రంగులు, ప్లాస్టిక్కుల నుంచి మనిషిలోకి చేరే రసాయనాలను వాళ్ళు కొలవాలి. "ప్రతి సీసాలోనూ సీసం కనిపెట్టేదాకా నేను నిద్రపోను" అన్నారు. సీసాలకు చీటీలు అంటించే ఉద్యోగం నాది కనుక నా ఛాతీ కూడా ఉప్పొంగింది.

మొదటి వారంలోనే ముగ్గురు ఫెలోలు విదేశీ సదస్సులకు వెళ్ళారు. నాలుగో అమ్మాయికి పాస్‌పోర్టు లేదు. అందుచేత పని చేయవలసి వచ్చింది.

ఆమె పాత బ్యాటరీలు పగలగొట్టే వీధికి వెళ్ళి వందమంది మూత్రం సేకరించింది. మా ల్యాబ్ ఊడ్చే ఆయమ్మది ఆ వీధే. ఆమె మనవరాలికి ఆరేళ్ళు. ఎప్పుడూ కడుపునొప్పి, చదివింది గుర్తుండదు. వందమందిలో ఆ పిల్లకే సీసం అందరికన్నా ఎక్కువని తేలింది.

"రిపోర్టు బయటికి రానీ పెద్దమ్మా. పెద్దాసుపత్రిలో వెంటనే మందు మొదలుపెడతారు" అని ఫెలో మాట ఇచ్చింది.

డైరెక్టర్‌గారు రిపోర్టు తిరగేశారు. "ఎక్కువ, ఎక్కువ అని రాశావు. దేనికంటే ఎక్కువ?"

"సురక్షిత పరిమితి కంటే సార్. పుస్తకాల్లో ఉంది."

"అది పరాయివాళ్ళ పరిమితి. మన మనిషి వేరు. మన పరిమితి మనకుండాలి. ముందు ఒక ఆరోగ్యవంతుణ్ణి వెతుకు."

ఆరోగ్యవంతుడి కోసం కమిటీ వేశారు. కమిటీ ఒక్కసారి కూర్చుని, మంత్రిగారిని ఏకగ్రీవంగా ఎన్నుకుంది. ఎన్నిక అంటే కాదనే అలవాటు ఆయనకు లేదు.

మర్నాడు ఉదయం హాలు నిండా కెమెరాలు. డైరెక్టర్‌గారు ఖాళీ సీసాను పళ్ళెంలో పెట్టి అందించారు. మంత్రిగారు చెయ్యి ఊపుతూ బాత్‌రూంలోకి వెళ్ళారు. పీఏ వెంట వెళ్ళాడు. ఇరవై నిమిషాల తరువాత మంత్రిగారు నిండు సీసాతో బయటికి రాగానే చప్పట్లు మోగాయి.

ఫలితం చూసి ఫెలో మెషీన్‌ను రెండుసార్లు తుడిచింది. మంత్రిగారి సీసం ఆయమ్మ మనవరాలి సీసాన్ని దాటిపోయింది. ఏ రంగంలోనైనా ఆయనే ముందుంటారు.

"మంత్రిగారు రోజుకు ఎన్ని ఉపన్యాసాలిస్తారు?" అని డైరెక్టర్‌గారు అడిగారు.

"నాలుగు సార్" అన్నాను నేను.

"అంత సీసంతో నాలుగు ఉపన్యాసాలు. ఇంకేం కావాలి? అదే మన సురక్షిత పరిమితి."

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. బ్యాటరీల వీధి మొత్తం ఒక్క సంతకంతో సురక్షితమైంది. ఆ పరిమితి కంటే తక్కువ ఉన్నవారికి 'సీసం లోపం' ఉన్నట్టు గుర్తించి, వారిని మంత్రిగారి స్థాయికి తెచ్చే మార్గం కనిపెట్టడానికి మరో నాలుగు ఫెలోషిప్‌లు ప్రకటించారు.

ఆయమ్మ మనవరాల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి, వెళ్ళినదారినే తిరిగొచ్చింది. "పిల్లకి ఇంకా కాస్త పెరగాలంటున్నారు తల్లీ. ఏం పెరగాలి?" అని ఫెలోను అడిగింది.

ఫెలో గబుక్కున లేచింది. మంత్రిగారికి రాసిన అభినందన పత్రం తీసుకెళ్ళడానికి వచ్చిన పీఏకి అడ్డంగా నిలబడింది. "మంత్రిగార్ని ఇవాళే ఆసుపత్రిలో చేర్చండి. అంత సీసం ఉంటే ప్రాణానికే ముప్పు."

పీఏ తలుపు దగ్గరగా వేశాడు. "ఆయనకేం కాలేదమ్మా. బయట అన్ని కెమెరాలు కాచుకుని ఉంటే ఎవరికి మాత్రం వస్తుంది? నేనే కుళాయి నీళ్ళు పట్టాను. రంగుకి కాస్త టీ కలిపాను."

"ఏ కుళాయి?"

"బాత్‌రూంలోదే. మీరంతా తాగేదీ ఆ నీళ్ళే."

ఫెలో డైరెక్టర్‌గారి గదికి పరుగెత్తింది. వెనకే నేను, నా వెనక ఆయమ్మ. విన్నంతసేపూ డైరెక్టర్‌గారు తెల్లబోయి చూశారు.

"ఆ వీధికి వెళ్ళేవీ ఇవే నీళ్ళు సార్" అంది ఫెలో.

"నీళ్ళలో సీసం ఎంతుందంటావు?"

"మీరు పెట్టిన పరిమితి ఎంతో అంత."

"అంతేనా? ఒక్క పిసరు కూడా ఎక్కువ లేదా?"

"లేదు సార్."

ఆయన ముఖం విప్పారింది. నీళ్ళకు అప్పటికప్పుడు ధ్రువపత్రం రాసి సంతకం పెట్టి, ఆయమ్మను దగ్గరకు పిలిచారు.

"మీ మనవరాలికి రోజూ ఇక్కణ్ణుంచే రెండు సీసాలు పట్టుకెళ్ళు. లోపం తీరిపోతుంది."