రాజుగారి కణానికి కోటగోడ

ఒక పెద్ద అడవిలో నీళ్లు తప్ప అన్నీ పుష్కలంగా ఉండేవి. ఎండాకాలం మిగిలేది ఒకటే మడుగు. ముందు తాగినవాళ్లకు నీళ్లు, వెనక తాగినవాళ్లకు బురద. మొదటి వంతు సింహం రాజుగారిది, రెండోది ఆయన కార్యదర్శి నక్క నాగభూషణానిది.

ఆ ఏడు ఏనుగు అడ్డం తిరిగింది. "నా ఒళ్లు పెద్దది, దాహమూ పెద్దదే. రెండో వంతు నాకెందుకివ్వరు?"

నాగభూషణం లోలోపల లెక్క వేసుకున్నాడు. ఆ వంతు పోతే తనకు మిగిలేది బురదే.

అంతకుముందు అడవి చూడవచ్చిన కాలేజీ పిల్లలు మరిచిపోయిన సూక్ష్మదర్శిని, పాఠ్యపుస్తకం గుడ్లగూబకు దొరికాయి. ఆనాటి నుంచే గుడ్లగూబ ప్రొఫెసరైపోయింది. నాగభూషణానికి ఆ సూక్ష్మదర్శిని గుర్తొచ్చింది.

"గొడవెందుకండీ? ప్రాణులన్నీ కణాలతోనే తయారయ్యాయట. ఎవరి కణం గొప్పదైతే వాళ్లదే ముందు వంతు. శాస్త్రానికి పక్షపాతం ఉండదు కదా!" అన్నాడు.

శాస్త్రానికి ఉండదు గానీ, సూక్ష్మదర్శిని కింద పెట్టే గాజుపలకలు అందించేవాడికి ఉంటుంది. ఆ పని నాగభూషణమే పుచ్చుకున్నాడు.

సభ కూడింది. ముందు ఏనుగు చెంప లోపలి పొర, తర్వాత ఎలుకది గీకి పెట్టారు.

"పెద్ద తేడా లేదు. రెంటికీ పలచటి పొర, మధ్యలో కేంద్రకం. ఏనుగులో లెక్కకు ఎక్కువున్నాయి, అంతే," అంది గుడ్లగూబ.

ఎలుక మీసం దువ్వింది. ఏనుగు తొండం వేలాడేసింది. పాపం, అంత ఒళ్లు పెట్టుకుని ఎలుకతో సమానమనిపించుకోవడం కంటే అవమానం ఇంకేముంటుంది!

రాజుగారి వంతొచ్చింది. నాగభూషణం ఆయన చెంప గీకినట్టే గీకి, మడుగులోని నీటిమొక్క ఆకు పొర తెచ్చి పలక మీద పరిచాడు. తన పలక మీదా అదే పరిచాడు.

"అబ్బో! కణం కణానికీ కోటగోడ! లోపల పచ్చలు పొదిగినట్టు ఆకుపచ్చ గింజలు! ఇద్దరివీ అంతే!" అని గుడ్లగూబ రెక్కలు కొట్టింది.

"రాచకణాలు!" అని అరిచాడు నాగభూషణం. రాజుగారు అక్కడికక్కడే తీర్మానం మీద పంజా ముద్ర వేశారు.

అప్పుడు గుడ్లగూబ పుస్తకం తెరిచింది. ముందు తీర్పు చెప్పి తర్వాత చదవడం మేధావుల అలవాటు.

"గోడ, ఆకుపచ్చ గింజలు... ఇవి మొక్కలకే ఉంటాయటండీ," అంది నీళ్లు నములుతూ.

సభంతా రాజుగారి వైపు చూసింది. పలక మారిందని ఒప్పుకుంటే నాగభూషణం తల పోతుంది, దాంతోపాటు రాజుగారి వంతూ పోతుంది.

"అవును, మేము మొక్కలమే," అన్నారు రాజుగారు గంభీరంగా. "అయితే ఏం? ముందు వంతు మాదే."

నాగభూషణం హమ్మయ్య అనుకున్నాడు. అంతలో ఏనుగు తొండం అతని తోకను చుట్టేసింది.

"అయితే నువ్వూ ఆకువేగా, నాగభూషణం?"

"అయ్యా, అదేదో మాటవరసకండీ!"

"శాస్త్రం నాయనా, పక్షపాతం ఉండదు. పొద్దున్నించీ నేను మేత కూడా మేయలేదు."

నాగభూషణం సగం తోక అక్కడే వదిలేసి పరుగందుకున్నాడు. "మొక్కలు పరిగెత్తవు!" అని వెనకనుంచి గుడ్లగూబ గుర్తుచేసింది.

ఆ ఎండాకాలమంతా రాజుగారు వేట మాని, మడుగు గట్టున ఎండలో కదలకుండా నిలబడ్డారు. మొక్కలు తమ వంట తామే వండుకోవాలి కదా. జింకలు వినయంగా వచ్చి జూలు కొరికి రుచి చూసేవి. రెండో వంతు నీళ్లు ఏనుగూ ఎలుకా పక్కపక్కనే తాగాయి. నాగభూషణం ఏ అడవికి వెళ్లినా ముందు జంతువునని రుజువు చూపమంటున్నారట.

నీతి: గొప్ప వంశంలో పుట్టామని చాటుకునే ముందు, ఆ వంశాన్ని ఎవరు మేస్తారో కనుక్కోవాలి.